మొంథా తుఫాను: ‘మచిలీపట్నం–కళింగపట్నం మధ్య’ అంటే మనకి వస్తాదా, రాదా?

బారువ ఆడపడుచు (హైదరాబాద్)
26 అక్టోబరు 2025, ఆదివారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. అమ్మానాన్న శ్రీకాకుళం జిల్లా బారువలో ఉంటారు, నేను మియాపూర్‌లో. ‘28 సాయంత్రం గానీ రాత్రి గానీ మచిలీపట్నం–కళింగపట్నం మధ్య, కాకినాడ పరిసరాల్లో తీవ్ర తుఫానుగా తీరం దాటుతుంది’ అని టీవీలో తిప్పి తిప్పి చెప్తున్నారు. కళింగపట్నం పేరు చెవిన పడ్డ దగ్గర్నుంచి అమ్మకి కాలూ చెయ్యీ ఆడటం లేదు. మ్యాపులో గీత చూస్తే కాకినాడ మీదకి పోతోంది. ఊరి వాట్సాప్ గ్రూపులో 2018 నాటి తిత్లీ తుఫాను పేరు చెప్పి ‘మళ్లీ తిత్లీ వస్తోంది’ అని ఎవరో వీడియో పెట్టారు, దాని మీద తేదీ లేదు.

నాన్నకి సోంపేటలో వారానికి రెండుసార్లు డయాలసిస్. కరెంటు పోయి, రోడ్డు మీద చెట్లు పడితే ఎలా తీసుకెళ్లాలో నాకు తెలియడం లేదు. వాళ్లని ఇప్పుడే రైలెక్కించి ఇక్కడికి రప్పించనా, అక్కడే ఉండమననా? తెలిసినవాళ్లు చెప్పండి. దయచేసి ‘ఏమీ కాదు’ అని మాత్రం ఊరికే అనకండి.

పలాస జీడితోట
26 అక్టోబరు, ఉదయం 9:41

అక్కా, నేను ‘ఏమీ కాదు’ అనను. 2018 అక్టోబరు 10 రాత్రి కూడా టీవీలన్నీ గోపాల్‌పూర్ అనే అన్నాయి. ఒడిశాకి పోతాది అనుకుని పడుకున్నాం. తెల్లారి నాలుగున్నర, అయిదున్నర మధ్య మా వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర దాటింది. 140, 150 కిలోమీటర్ల గాలి. చీకట్లో కొబ్బరి చెట్లు విరుగుతున్న చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. మా తాత నాటిన జీడిమామిడి వేళ్లతో లేచిపోయింది. ఉద్దానంలో అప్పుడు పోయిన తోట తిరిగి కాపుకి రావడానికి ఏళ్లు పట్టింది, కొందరికి రానే లేదు.

అందుకే కాకినాడ అన్నా, మచిలీపట్నం అన్నా మాకు నిద్ర పట్టదు. పెట్టెలో కాగితాలు, బంగారం, మందులు సర్దీసి ఉంచాం. మీ వాళ్లని కూడా సర్దుకోమనండి.

ముక్కాం తమ్ముడు (భోగాపురం)
26 అక్టోబరు, ఉదయం 10:05

మావి వలలు పైకి లాగీసినాం. పడవలు కూడా. వేటకి పోవద్దని దండోరా వేసినారు. మళ్లీ ఎప్పుడు పోవచ్చో మాత్రం ఎవుళూ సెప్పలేదు.

లెక్కల మాస్టారు (నరసన్నపేట)
26 అక్టోబరు, ఉదయం 11:30

బారువ అమ్మాయికి. ఓపిగ్గా చదువమ్మా, కొంచెం పెద్దగానే రాస్తాను.

బులెటిన్‌లో రెండు ఊళ్ల పేర్లు వేసేది తీరంలో ఎంత మేర జాగ్రత్త పడాలో చెప్పడానికి. మచిలీపట్నం నుంచి కళింగపట్నానికి తిన్నగా కొలిస్తే దాదాపు 400 కిలోమీటర్లు. అందులో కళింగపట్నం ఈ చివరి అంచు. అసలు అంచనా ‘కాకినాడ పరిసరాల్లో’ అన్న ముక్కలో ఉంది. టీవీ స్క్రోలింగులో ఆ ముక్క ముందో వెనకో తెగిపోతోంది, కళింగపట్నం మాత్రం మిగులుతోంది. శ్రీకాకుళంలో సగం కంగారు దీనివల్లే.

ఇప్పుడు ఈ అంచనా ఎంత తప్పొచ్చో చూద్దాం. భారత వాతావరణ శాఖ అంచనాలకి, తుఫాను నిజంగా ఉన్న చోటుకి ఇటీవలి ఏళ్లలో సగటు తేడా సుమారుగా ఇలా ఉంటోంది: ఒక రోజు ముందు చెప్పినదానికి 75 కిలోమీటర్లు, రెండు రోజుల ముందైతే 110, మూడు రోజుల ముందైతే 150. ఇది సగటు గనుక ఒక్కోసారి అంతకి రెట్టింపు కూడా పోవచ్చు. కాకినాడ నుంచి విశాఖ తిన్నగా 130 కిలోమీటర్లు, కళింగపట్నం 250, మీ బారువ 320. తీరం దాటడానికి ఇంకా రెండున్నర రోజులుంది. ఈ లెక్కన విశాఖ దాకా జరిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. బారువ దాకా జరగాలంటే అంచనా చాలా అరుదైనంతగా తప్పాలి.

తిత్లీ సంగతి. అప్పటి బులెటిన్‌లో ఉన్నది ‘గోపాల్‌పూర్–కళింగపట్నం మధ్య’ అని. గోపాల్‌పూర్ నుంచి అది దాటిన చోటుకి 65 కిలోమీటర్లు. ఒక రోజు ముందు అంచనాకి ఉండే మామూలు తేడాలోనే పడింది. పలాస బాబు బాధ నాకు తెలుసు, ఆ వారం అంతా నేను మందసలో మా చెల్లెలి ఇంట్లోనే ఉన్నాను. ఆ రాత్రి అంచనా తప్పలేదు. మధ్యలో ఉన్న మన పేరు టీవీల్లో చదివినవాడు లేడు.

గీత చుట్టూ ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే పట్టీ కూడా చూస్తున్నారు కదా. అది తుఫాను సైజు కాదు. కేంద్రం ఎక్కడెక్కడ ఉండడానికి అవకాశముందో ఆ హద్దు. గాలీ వానా పట్టీ బయట కూడా ఉంటాయి. ‘మేం పట్టీలో లేం’ అని నిశ్చింతగా కూచోవడమూ సరికాదు.

ఇక మన జిల్లాలకి సంబంధించిన అసలు సంగతి. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతాయి. తూర్పు తీరానికి వాయవ్యంగా వచ్చే తుఫానుకి కుడిచేతి వైపు, అంటే ఉత్తరాన, గాలి సముద్రం మీంచి నేల మీదకి కొడుతుంది. ఎడమవైపు నేల మీంచి సముద్రంలోకి పోతుంది. కాకినాడలో దాటితే విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం మూడూ కుడివైపే. కేంద్రం దూరంగా ఉండడం వల్ల చెట్లు కూల్చే గాలి మనదాకా రాకపోవచ్చు. వాన మాత్రం వస్తుంది. నేను అమ్మానాన్నల్ని కదపమని చెప్పను, వానకి సిద్ధంగా ఉండమని చెప్తాను. డయాలసిస్ కేంద్రానికి ఈరోజే ఫోన్ చేసి, తర్వాతి విడత 27కి జరుపుతారేమో కనుక్కో. అన్నిటికంటే ముందు ఆ పని చెయ్యి.

పలాస జీడితోట
26 అక్టోబరు, మధ్యాహ్నం 12:15

మాస్టారూ, మీ లెక్క కాదనను. ‘అరుదు’ అన్నారు చూడండి, ఆ మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పలేను.

లెక్కల మాస్టారు
26 అక్టోబరు, మధ్యాహ్నం 12:40

చెప్పొద్దు బాబూ. పెట్టె సర్దుకుని ఉండడంలో నష్టమేముంది? నువ్వు చేసింది సరైన పనే.

గరివిడి కుర్రాడు
26 అక్టోబరు, మధ్యాహ్నం 2:20

నాకొక అనుమానం. నా ఫోన్ యాప్‌లో అమెరికా మోడల్ పెడితే ఒకచోట, యూరప్ మోడల్ పెడితే ఇంకోచోట చూపిస్తోంది. పోయిన వారం ఇదే యాప్‌లో పెద్ద ఎర్ర సుడి సరిగ్గా విశాఖ మీద ఉంది, అందరూ స్క్రీన్‌షాట్లు పంపుకున్నారు. అసలు దేన్ని నమ్మాలి?

లెక్కల మాస్టారు
26 అక్టోబరు, మధ్యాహ్నం 3:05

మంచి ప్రశ్న. తుఫాను తనంత తాను దారి ఎంచుకోదు. వరదలో పడ్డ కొబ్బరి బోండాం ఎటు పోతుందో ఏటి ప్రవాహం చెప్పినట్టే, చుట్టూ కిలోమీటర్ల ఎత్తు దాకా వీచే గాలులు దాన్ని మోసుకుపోతాయి. పైన ఉన్న అధిక పీడనం బలంగా ఉంటే పడమరకి తోస్తుంది. ఉత్తర భారతం మీదుగా పడమటి గాలుల ద్రోణి దిగితే ఈశాన్యానికి తిప్పేస్తుంది. తిత్లీ నేల ఎక్కాక ఈశాన్యానికి తిరిగింది అందుకే. రెంటి లాగుడూ సమానమైనప్పుడు అంచనా కష్టం, తుఫాను నెమ్మదిస్తుంది, ఒక్కోచోట నిలబడిపోతుంది కూడా.

2022 మేలో అసని గుర్తుందా? ఉత్తరాంధ్ర–ఒడిశా తీరం దాకా వచ్చి, ఒడ్డు తాకకుండా వెనక్కి మళ్లుతుందన్నారు. అది పడమరకే సాగి మచిలీపట్నం దగ్గరకి పోయి నీరసించింది. మన సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి ఒడ్డుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది ఆ తుఫానుకే.

మోడల్ అంటే ఇప్పటి గాలి, వేడి, తేమ, పీడనం తీసుకుని ముందుకు లెక్క కట్టడం. మొదటి కొలతలో చిన్న తేడా ఉన్నా పది రోజుల తర్వాత వందల కిలోమీటర్లు అవుతుంది. నేల మీద అయితే కొలిచే కేంద్రాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. బంగాళాఖాతం మధ్యలో కొన్ని బోయాలు (నీటి మీద తేలుతూ కొలిచే పరికరాలు), అటుగా పోయే ఓడలు, పైన ఉపగ్రహాలు, అంతే. అమెరికా వాళ్లలా విమానాన్ని తుఫాను లోపలికి పంపి కొలిచే ఏర్పాటు మనకి మామూలుగా లేదు. విశాఖ, మచిలీపట్నం, గోపాల్‌పూర్ రాడార్లకి అందేంత దగ్గరకి వచ్చాకే కేంద్రం ఎక్కడుందో గట్టిగా తెలుస్తుంది.

అందుకే యూరప్ వాళ్లు ఒకే లెక్కని మొదటి కొలతలు కాస్త కాస్త మార్చి 51 సార్లు కడతారు, అమెరికా వాళ్లు 31 సార్లు. ఆ గీతలన్నీ ఒక కట్టగా పోతే నమ్మకం ఎక్కువ, చీపురు పుల్లల్లా విడిపోతే తక్కువ. నీ యాప్‌లో కనిపించేది వాటిలో ఒకటి. పది రోజుల ముందు ఒక్క గీత చూపించే స్క్రీన్‌షాట్‌కి విలువ లేదు. బులెటిన్ రాసేవాళ్లు ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఉపగ్రహం చూసి, అప్పుడు ఒక మాట అంటారు. నేను ఆ మాటే చూస్తాను.

2013లో ఫైలిన్ వచ్చినప్పుడు విదేశాల్లో కొందరు అది 1999 ఒడిశా తుఫానంతటిది అవుతుందన్నారు. మన శాఖ తన అంచనా మార్చలేదు. అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర అది మనవాళ్లు చెప్పినంత బలంతోనే దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12నే హుద్‌హుద్ విశాఖ మీద దాటింది. అదీ ముందే చెప్పిన చోటే.

నిర్వాహకులు
26 అక్టోబరు, సాయంత్రం 5:00

సభ్యులకి మనవి. తేదీ, గంట, జారీ చేసినవారి పేరు లేని ఫోటోలు, వీడియోలు ఇక్కడ పెట్టకండి. పొద్దున పెట్టిన మూడింటిని తీసేశాం. అందులో ఒకటి హుద్‌హుద్ నాటి విశాఖ బీచ్ రోడ్డు. కావాలని చేసినా, భయంతో చేసినా, చూసినవాళ్ల గుండె ఒకేలా అదురుతుంది.

బారువ ఆడపడుచు
26 అక్టోబరు, రాత్రి 8:30

మాస్టారు గారూ, చాలా థ్యాంక్స్ అండి. సోంపేటకి ఫోన్ చేశాను. రేపు మధ్యాహ్నం ఖాళీ చూసి తీసుకుంటామన్నారు. జనరేటర్‌కి డీజిల్ కూడా తెప్పించుకున్నారట. అమ్మకి మీరు రాసింది మొత్తం ఫోన్‌లో చదివి వినిపించాను. ‘320 కిలోమీటర్లా’ అని మళ్లీ మళ్లీ అడిగింది.

కళింగపట్నం దీపస్తంభం
27 అక్టోబరు, సోమవారం, ఉదయం 7:50

ఈ తెల్లవారుజామున తుఫానుగా మారిందని చెప్పారు. కార్తీక సోమవారం కదా, సముద్ర స్నానానికి వచ్చినవాళ్లని పోలీసులు వెనక్కి పంపుతున్నారు. ఓడరేవు హెచ్చరిక నంబరు గురించి ఇక్కడ గొడవగా ఉంది. నంబరు పెరిగితే గాలి అంత పెరుగుతాదనుకుంటున్నారు జనం. నిజమేనా?

లెక్కల మాస్టారు
27 అక్టోబరు, ఉదయం 8:25

పూర్తిగా కాదు. 1, 2 దూరంగా సముద్రంలో ఏదో ఉందని ఓడలకి చెప్పేవి. 3, 4 రేవు దగ్గర ఈదురుగాలులకి, ముప్పు మొదలవడానికి. 5, 6, 7 ప్రమాదం. వీటిలో తేడా బలంలో లేదు, దారిలో ఉంది. తుఫాను దారికి రేవు ఎడమవైపు ఉంటే 5, కుడివైపు ఉంటే 6, రేవు మీంచో పక్కనుంచో పోతే 7. అదే వరసలో 8, 9, 10 మహా ప్రమాదం. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. కాబట్టి 8 కంటే 9 ఎక్కువ గాలి కాదు. రేవు ఏ పక్కన ఉందో చెప్తోంది, అంతే.

ముక్కాం తమ్ముడు
27 అక్టోబరు, ఉదయం 9:15

మాస్టారూ, మీరు సెప్పిందంతా మాకు పనికొచ్చేదే. కానీ మా గోల ఒకటుంది, అదీ రాయాల.

2021 డిసెంబర్‌లో జవాద్ అన్నారు. ఉత్తరాంధ్ర మీదకే అన్నారు. ఇళ్లొదిలి బడుల్లో పడుకున్నాం, ముసలోళ్లు, పసిపిల్లలతో. అది సముద్రంలోనే నీరసించిపోయి ఒడిశా వేపు ఎళ్లిపోనాది. పోతే మంచిదే, పోవాలనే మొక్కుకున్నాం. కానీ మళ్లీ ఇప్పుడు రమ్మంటే మా అయ్య రాను పొమ్మంటన్నాడు. ఇంటి ముందరే సముద్రం కోసుకొచ్చీసిన ఊరు మాది. ఇల్లొదిలి పోతే తిరిగొచ్చేసరికి ఉంటాదో లేదో అని ఆయన బెంగ. పైగా వేటకి పోని రోజుకి గింజలుండవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధానికి భృతి ఇస్తారు. తుఫాను పేరుతో ఒడ్డున కూకోబెట్టిన రోజులకీ అలాగే లెక్కగట్టి ఇవ్వాలని మేం అడుగుతున్నాం. అప్పుడు ఆపమన్నా ఎవుడూ పోడు.

లెక్కల మాస్టారు
27 అక్టోబరు, ఉదయం 10:00

నువ్వడిగింది న్యాయం తమ్ముడూ. దానికి నా దగ్గర జవాబు లేదు, అధికారుల దగ్గర ఉండాలి.

జవాద్ గురించి ఒక్కమాట. దారి చెప్పడం ఈ ఇరవై ఏళ్లలో బాగా మెరుగైంది. బలం ఎంత ఉంటుందో చెప్పడం ఇంకా కష్టంగానే ఉంది. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుఫాను అయింది, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండంగా మిగిలింది. పొడిగాలి లోపలికి పోయినా, పైగాలులు కిందిగాలులు వేరే వేరే వైపు లాగినా తుఫాను చితికిపోతుంది. అది ఏ గంటకి జరుగుతుందో ముందు చెప్పలేరు. ఊరు ఖాళీ చేయించాలంటే మాత్రం ఒక రోజు ముందే చేయించాలి. గాలి మొదలయ్యాక ముసలివాళ్లని ఎక్కడికి మోస్తారు? నాన్నగారికి నా మాటగా చెప్పు, ఈ ఒక్క రాత్రికీ బడి దగ్గరకి వెళ్లమను. కుడివైపు ఉన్న మీ తీరానికి అలలు గట్టిగానే వస్తాయి.

పూసపాటిరేగ కోడలు
27 అక్టోబరు, ఉదయం 10:40

ముక్కాం తమ్ముడూ, హుద్‌హుద్ నాడు మేం కోనాడలో ఉన్నాం. మధ్యాహ్నం విశాఖలో దాటిందన్నారు, ‘అక్కడ కదా’ అనుకున్నాం. మాకు గాలి సాయంత్రం దాకా తగ్గలేదు. సముద్రం నీళ్లూ చంపావతి నీళ్లూ కలిసిపోయి రొయ్యల చెరువుల గట్లు తెగాయి. మావయ్యగారు ‘ఇల్లు నేను చూసుకుంటా’ అని ఉండిపోయారు, పక్కింటి డాబా ఎక్కి బతికారు. అయ్యని బతిమాలి తీసుకెళ్లు. ఇల్లు పోతే కట్టుకోవచ్చు.

ముక్కాం తమ్ముడు
27 అక్టోబరు, రాత్రి 7:20

బయలుదేరతన్నాం. అయ్య కూడా.

గరివిడి కుర్రాడు
28 అక్టోబరు, మంగళవారం, ఉదయం 9:30

ఉదయానికి తీవ్ర తుఫాను అయిందట. ఇప్పుడు 90–100 గాలి, మధ్యమధ్యలో 110 అంటున్నారు. బులెటిన్ ఎన్నింటికి వస్తుందో, అందులో ఉన్న చోటు ఎన్నింటిదో నాకు అర్థం కావట్లేదు. ఒక గ్రూపులో ఒక దూరం, ఇంకో గ్రూపులో ఇంకో దూరం పెడుతున్నారు.

లెక్కల మాస్టారు
28 అక్టోబరు, ఉదయం 9:55

వాయుగుండంగా ఉన్నప్పుడు ఆరు గంటలకోసారి, తుఫాను అయ్యాక మూడు గంటలకోసారి, తీరం దగ్గర పడ్డాక గంట గంటకీ ఇస్తారు. ‘5:30 గంటలకి ఫలానా చోట’ అని లోపల రాసి ఉంటుంది. అది మన చేతికొచ్చేసరికి తుఫాను ముందుకి జరిగిపోయి ఉంటుంది. రెండు గ్రూపుల్లోనూ అబద్ధం ఉండకపోవచ్చు, వేరే వేరే గంటల బులెటిన్లు కావచ్చు. గంట చూడకుండా దూరం చదవొద్దు.

బారువ ఆడపడుచు
28 అక్టోబరు, రాత్రి 9:15

రైళ్లు చాలా రద్దు చేశారు. అమ్మానాన్నల్ని రమ్మనకపోవడమే మంచిదైంది. నిన్న డయాలసిస్ అయిపోయింది. కానీ ఒకటి అర్థం కావట్లేదు. రాత్రి ఏడింటికే ‘తీరం దాటడం మొదలైంది’ అన్నారు, తొమ్మిది దాటినా ఇంకా దాటుతూనే ఉంది అంటున్నారు. ఆగిపోయిందా? వెనక్కి తిరిగిందా? అమ్మ నిద్రపోవడం లేదు.

లెక్కల మాస్టారు
28 అక్టోబరు, రాత్రి 9:25

ఆగలేదమ్మా. తుఫాను వందల కిలోమీటర్ల వెడల్పు. ముందు భాగం నేలని తాకినప్పుడు మొదలైందంటారు, కేంద్రం తీరం గీత దాటినప్పుడు దాటిందంటారు. మధ్యలో నాలుగైదు గంటలు పట్టడం మామూలే. రాడార్‌లో కేంద్రం ఇప్పుడు కాకినాడకి దక్షిణంగా కనిపిస్తోంది. మనకి ఇంకా దూరం జరిగింది. అమ్మని పడుకోమను, నేను మేలుకునే ఉంటాను.

కళింగపట్నం దీపస్తంభం
28 అక్టోబరు, రాత్రి 11:10

వాన ఆగకుండా పడుతోంది. గాలి విసురుగా ఉంది గానీ చెట్లు పడేంత లేదు. కరెంటు ఉంది.

లెక్కల మాస్టారు
29 అక్టోబరు, బుధవారం, ఉదయం 6:40

రాత్రి పదకొండున్నర, పన్నెండున్నర మధ్య నర్సాపురం దగ్గర దాటింది. కాకినాడని గుర్తుగా పెట్టుకుంటే 85 కిలోమీటర్లు దక్షిణంగా పడింది. రెండున్నర రోజుల ముందు చెప్పినదానికి ఈ తేడా సగటు కంటే తక్కువే. కోనసీమ, పశ్చిమ గోదావరి వాళ్ల రాత్రి ఎలా గడిచిందో తలుచుకుంటే మనం బయటపడ్డాం అని సంబరపడే మనసు రావడం లేదు.

పలాస జీడితోట
29 అక్టోబరు, ఉదయం 7:05

చెట్లు నిలబడ్డాయి మాస్టారూ. మా అమ్మ పొద్దున్నే తోట అంతా తిరిగి వచ్చింది.

ముక్కాం తమ్ముడు
29 అక్టోబరు, ఉదయం 8:30

ఇల్లుంది. ముందరి అరుగు కొంచెం కోసుకుపోనాది. అయ్య బళ్లో అందరికీ టీ పెడతన్నాడు.

ఇచ్ఛాపురం బాహుదా
29 అక్టోబరు, ఉదయం 9:50

దాటేసింది కదా అని అందరూ ఫోన్లు పక్కన పెట్టేస్తున్నారు. నదుల సంగతి ఎవరైనా చూస్తున్నారా? తిత్లీకి గాలి పోయాక మహేంద్రతనయ, వంశధార పొంగి ఊళ్లు మునిగాయి. ఒడిశా గజపతి కొండల్లో పడ్డ వాన మన దగ్గరకి తర్వాత వచ్చింది. 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి 20 కిలోమీటర్ల ఉత్తరాన దాటిన గులాబ్ గాలి పెద్దది కాదు, 75–85. నీళ్లు మాత్రం చాలా చోట్ల ఇళ్లలోకి వచ్చాయి. దాని మిగులు దేశం అడ్డంగా దాటి అరేబియా సముద్రంలో మళ్లీ షహీన్ అనే తుఫాను అయింది. గొట్టా బ్యారేజీ, తోటపల్లి, మడ్డువలస దగ్గర నీళ్లు ఎంత వదులుతున్నారో తెలిసినవాళ్లు ఇక్కడ పెట్టండి. నేను బాహుదా వంతెన దగ్గర చూసి రాస్తాను.

బారువ ఆడపడుచు
29 అక్టోబరు, రాత్రి 8:10

ఇచ్ఛాపురం గారు చెప్పింది అక్షరాలా నిజం. నాలుగు రోజులుగా నేను బారువ కోసం ఏడుస్తుంటే, ఈరోజు నీళ్లలో ఉన్నది హనుమకొండలో మా అత్తగారి చెల్లెలి ఇల్లు. తీరానికి రెండొందల కిలోమీటర్లకి పైన. వీధుల్లో నడుముల్లోతు. ఇంటి కింది భాగంలో సామాను మొత్తం తడిసిపోయింది, మనుషులు పై అంతస్తులో ఉన్నారు. మ్యాపులో గీత నర్సాపురం దగ్గర ఆగలేదు, తెలంగాణ మీదుగా పైకి పోతూనే ఉంది. వాళ్లకి ఫోన్ చేసి ఒక్కమాట చెప్పాలన్న ఆలోచన మా ఇంట్లో ఎవరికీ రాలేదు. అందరి కళ్లూ తీరం మీదే ఉన్నాయి.

లెక్కల మాస్టారు
29 అక్టోబరు, రాత్రి 8:45

వాళ్లు క్షేమంగా ఉండాలమ్మా. తెలంగాణకి భారీ వర్షాల హెచ్చరిక ఉంది, బులెటిన్ కింది పేరాల్లో. గాలి పేరా మొదట వస్తుంది, తర్వాత సముద్రం, తర్వాత జిల్లాల వారీగా వాన. టీవీలో మొదటిదే చదువుతారు. వచ్చేసారి నేను ఇక్కడ బులెటిన్ పెట్టినప్పుడు వాన పేరా పైన పెట్టి, తీరం దాటే చోటు కింద పెడతాను.

ఆమదాలవలస రైతు
30 అక్టోబరు, గురువారం, ఉదయం 6:30

మాస్టారూ, మాది వరి. గట్టు దగ్గర చేను గింజ ముదిరింది, నేలకి ఒరిగి నీళ్లలో ఉంది. లోపలి చేను ఇంకా పాలు పోసుకుంటోంది, అదీ పక్కకి వాలింది. వాన మళ్లీ ఉందా? ఇప్పుడేం చెయ్యాలి?

వ్యవసాయం చదివిన అమ్మాయి (రాజాం)
30 అక్టోబరు, ఉదయం 7:15

బాబాయ్ గారూ, ముందు రెండు చేలకీ గట్లు తెగ్గొట్టి నీళ్లు బయటికి పంపండి. నీళ్లు నిలవకపోతే సగం గెలిచినట్టే. పాలు పోసుకునే చేనుని లేపి నాలుగైదు దుబ్బులు కలిపి కట్టించండి, దానికి ఉప్పు నీళ్లు వద్దు. గింజ ముదిరిన చేను మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కరిగించి, వడగట్టి, కంకులు తడిసేలా కొట్టాలి. వాన తెరిపిచ్చి ఆకు మీద నీళ్లు జారిపోయాక కొట్టండి, పడుతుండగా కొడితే కడుక్కుపోతుంది. పంట నష్టం రాయించడానికి రైతు సేవా కేంద్రంలో (పాత పేరు రైతు భరోసా కేంద్రం) పేరు ఇవ్వండి, చేను కోసే లోపే ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఆమదాలవలస రైతు
30 అక్టోబరు, ఉదయం 7:40

గట్టు తెగ్గొట్టడానికి ఇద్దర్ని పంపాను తల్లీ. ఉప్పు బస్తా ఎకరాకి ఎంత పట్టుద్ది?

వ్యవసాయం చదివిన అమ్మాయి (రాజాం)
30 అక్టోబరు, ఉదయం 7:48

ఎకరాకి 200 లీటర్ల నీళ్లు అనుకుంటే 10 కిలోలు. చేతిపంపు అయినా సరిపోతుంది, కంకి బాగా తడవాలి, అంతే.